వేగానికీ ఒక రేవు ఉండాలి

ఇటీవల మన ప్రాంతపు తల్లిదండ్రులు కొందరు ఒక కొత్త ప్రశ్న అడుగుతున్నారు. పిల్లలు హైదరాబాదులోనో బెంగళూరులోనో ఉద్యోగాలలో స్థిరపడ్డారు. చేతిలో సొమ్ము ఆడుతున్నది. బలమైన బైకో కారో కొన్నారు. ఇప్పుడు సెలవు రోజున చెన్నై దగ్గరో కోయంబత్తూరు దగ్గరో ఉన్న రేసు ట్రాక్ మీద బండి నడిపి వస్తామంటున్నారు. "ప్రాణాలతో చెలగాటం కదా, వద్దని చెప్పమంటారా?" అన్నది పెద్దల సందేహం.

నా సమాధానం వారిలో చాలామందికి ఆశ్చర్యం కలిగిస్తుంది. వద్దనకండి. వేగం మీద మోజు గల యువకునికి ట్రాక్ కంటే మంచి చోటు మరొకటి లేదు. అయితే ట్రాక్ మీద లభించే రక్షణ ఎక్కడి నుండి వస్తున్నదో అతనికి తెలిసి ఉండాలి. ఆ రక్షణలో అతని చేతి నేర్పు పాలు చాలా తక్కువ. అధిక భాగం ట్రాక్ చుట్టూ ఉన్న ఏర్పాట్లది. ఈ ఒక్క సంగతి బోధపడని వానికి ట్రాక్ మీద ప్రమాదం ఉన్నది, ఇంటికి తిరిగి వచ్చిన తర్వాత మరింత ప్రమాదం ఉన్నది.

ట్రాక్ డే అంటే

పోటీలు లేని రోజున రేసు ట్రాక్‌ను అద్దెకు తీసుకొని, రుసుము చెల్లించిన సామాన్యులను తమ సొంత వాహనాలతో నడపనిచ్చే ఏర్పాటే ట్రాక్ డే. ఇది పందెం కాదు. బహుమతి లేదు, గెలుపోటములు లేవు. అనుభవాన్ని బట్టి బృందాలుగా విడదీసి, ఒక్కొక్క బృందాన్ని పదిహేను ఇరవై నిమిషాల పాటు ట్రాక్ మీదికి పంపుతారు. మన దేశంలో ఇందుకు పేరున్న చోట్లు కొన్నే. చెన్నై సమీపంలోని ఇరుంగాట్టుకోట్టై వద్ద సుమారు 3.7 కిలోమీటర్ల మద్రాస్ ఇంటర్నేషనల్ సర్క్యూట్, కోయంబత్తూరులో కరి మోటార్ స్పీడ్‌వే, ఢిల్లీ చెంత గ్రేటర్ నోయిడాలో 2011లో ప్రారంభమైన బుద్ధ్ సర్క్యూట్ వాటిలో ముఖ్యమైనవి.

ట్రాక్ మీద వాహనాలన్నీ ఒకే దిక్కుకు సాగుతాయి. ఎదురుగా ట్రాక్టరు రాదు, గేదె అడ్డం రాదు, సైకిలు మీద బడిపిల్లలు ఉండరు. మలుపు దగ్గర అదుపు తప్పితే బండి జారిపోవడానికి ఖాళీ నేల, దాని చివర గులకరాళ్ల పరుపు, ఆ వెనుక టైర్ల గోడ ఉంటాయి. ప్రతి మలుపులోనూ జెండాలు పట్టిన మార్షల్స్ ఉంటారు. అంబులెన్సు ఇంజను వేడిగా సిద్ధంగా ఉంటుంది. అంటే మనిషి పొరపాటు చేస్తాడని ముందే ఒప్పుకొని, ఆ పొరపాటు ప్రాణం తీయకుండా చూసేందుకు కట్టిన నిర్మాణమే ట్రాక్.

మన దారులను దీనితో పోల్చి చూడండి. పాలకొల్లు నుండి ఏ దిక్కుకు పోయినా చాలా దూరం ఒక ప్రక్క కాలువ, మరొక ప్రక్క చేనో చెరువో. మధ్యన గట్టు మీది రోడ్డు. చేపల లారీల నుండి కారిన నీటితో తారు జారుతూ ఉంటుంది. వరి కోతల కాలంలో రోడ్డు అంచునే ధాన్యం రాశులు. ఇక్కడ ఒక్క గజం ప్రక్కకు జారితే ఆపే గులకరాళ్లు లేవు. ఉన్నది కొబ్బరి చెట్టు, లేదా కాలువ నీరు.

హైదరాబాదు ఇందుకు మరొక నిదర్శనం. 2023 ఫిబ్రవరి 11న హుస్సేన్‌సాగర్ తీరాన, సుమారు 2.8 కిలోమీటర్ల దారిలో ఫార్ములా ఇ కార్ల పోటీ జరిగింది. ఆ కొద్దిరోజులు ఆ వీధులకు ఇరువైపులా కాంక్రీటు దిమ్మెలు, ఎత్తైన కంచెలు, మార్షల్స్, వైద్యులు. పోటీ ముగిసింది, అవన్నీ తొలగించారు. తారు అదే, మలుపులూ అవే. కానీ రక్షణ మాత్రం దిమ్మెలతో పాటే లారీలెక్కి వెళ్లిపోయింది. ఆ మరునాడు అదే దారిలో అదే వేగంతో పోదామనుకున్నవాడు పోటీదారుని అనుకరిస్తున్నానని భ్రమపడతాడు. నిజానికి అతడు చేస్తున్నది వేరే పని.

ఒక వైద్యుని పట్టుదల

రేసు పోటీలలో రక్షణ ఒక్కనాడు రాలేదు. 1978 సెప్టెంబరులో ఇటలీలోని మోంజా ట్రాక్ మీద, పోటీ మొదలైన క్షణాలలోనే జరిగిన ప్రమాదంలో స్వీడన్‌కు చెందిన రోనీ పీటర్సన్ కాళ్లు విరిగాయి. అంబులెన్సు రావడంలో చాలా ఆలస్యం జరిగింది. కాళ్లు విరిగినంత మాత్రాన మనిషి చనిపోతాడా అని మీకు తోచవచ్చు. పెద్ద ఎముకలు విరిగినపుడు వాటి మజ్జలోని కొవ్వు రక్తంలో కలిసి, ఊపిరితిత్తులలోని, మెదడులోని సన్నని నాళాలను మూసివేయవచ్చు. దీనిని ఫ్యాట్ ఎంబాలిజం అంటాము. పీటర్సన్ మరునాటి ఉదయం దానితోనే మరణించాడు.

ఆ సంవత్సరమే ఫార్ములా వన్ వైద్య బాధ్యతలు స్వీకరించిన ఇంగ్లండు న్యూరోసర్జన్ సిడ్ వాట్కిన్స్ ఆ తర్వాత గట్టిగా పట్టుబట్టాడు. వైద్యుడు గల కారు ప్రతి పోటీలో మొదటి చుట్టు పూర్తయ్యే వరకు పోటీ కార్ల వెనుకనే పోవాలి. హెలికాప్టరు సిద్ధంగా ఉండాలి. మత్తు వైద్యుడు ఉండాలి. ఈ ఏర్పాట్లే ఆనవాయితీగా నిలిచాయి.

నలభై రెండేళ్ల తర్వాత, 2020 నవంబరు 29న బహ్రెయిన్‌లో రొమైన్ గ్రోజాన్ కారు మొదటి చుట్టులోనే ఇనుప కంచెను చీల్చుకొని రెండు ముక్కలై మంటలలో చిక్కుకొన్నది. సుమారు 28 సెకన్లు అతడు ఆ మంటలలో ఉన్నాడు. తల చుట్టూ ఉన్న 'హాలో' అనే లోహపు చట్రం అతని తలను కాపాడింది. వెన్నంటి వస్తున్న వైద్యుని కారు వెంటనే అక్కడ ఆగింది. చేతులకు కాలిన గాయాలతో అతడు బయటపడ్డాడు. అంతటి నిపుణుని బ్రతికించినది చట్రం, మంటలకు తట్టుకొనే దుస్తులు, క్షణాలలో చేరిన వైద్యుడు. మీ అబ్బాయి వెళ్లే ట్రాక్ డేలో వీటిలో ఏవి ఉన్నాయో తెలుసుకోవడమే మీ మొదటి పని.

ట్రాక్ కూడా పూలపాన్పు కాదు

ఇన్ని ఏర్పాట్లున్నా ప్రాణాలు పోతాయి. ఇరుంగాట్టుకోట్టైలోనే 2023 జనవరి 8న, జాతీయ స్థాయి కార్ల పోటీలో చెన్నైకి చెందిన అనుభవజ్ఞుడు కె.ఇ. కుమార్ మరణించారు. వారి వయస్సు 59. మరొక కారును తాకిన వారి కారు ట్రాక్ నుండి జారి కంచెను ఢీకొని తలక్రిందులైంది. అదే సంవత్సరం ఆగస్టు 5న, అదే ట్రాక్ మీద, మోటారు సైకిళ్ల పోటీలో బెంగళూరుకు చెందిన శ్రేయస్ హరీష్ మొదటి మలుపు దాటుతూ పడిపోయి, తలకు తగిలిన గాయంతో మరణించాడు. ఆ బాలుని వయస్సు 13. రెండు సందర్భాలలోనూ పోటీని వెంటనే ఆపివేశారు, ఆస్పత్రికి తరలించారు. అయినా దక్కలేదు.

ఇవి పోటీలు, ట్రాక్ డేలు కావు అని మీరు అనవచ్చు. నిజమే. పోటీలో ఒకరినొకరు ఒరుసుకొని పోతారు. ట్రాక్ డేలో ఆ ఒత్తిడి ఉండకూడదు. కానీ శరీరానికి ఈ తేడా తెలియదు. గోడను తాకిన పుర్రెకు అది పోటీయా, సరదాయా అన్న విచక్షణ లేదు. పైగా పోటీదారునికి ఏళ్ల శిక్షణ ఉంటుంది. మొదటిసారి వచ్చినవానికి ఆ రోజు ఉదయం విన్న అరగంట పాఠమే ఉంటుంది.

వేగం రెట్టింపైతే దెబ్బ నాలుగు రెట్లవుతుంది. ఇది పదవ తరగతి భౌతికశాస్త్రం. మన క్షీరారామ గోపురం ఎత్తు 120 అడుగులు. దాని శిఖరం నుండి పడిన మనిషి నేలను తాకే వేగం గంటకు సుమారు 96 కిలోమీటర్లు. బైకు మీద తొంభై ఆరు దాటినపుడల్లా గోపురం అంచున నిలబడినట్లే లెక్క. ఇక బండి ఆగడం సంగతి. పొడి రోడ్డు, మంచి టైర్లు ఉన్నా, కంటికి కనబడినది కాలికి చేరడానికి ఒక సెకను పట్టిందనుకుంటే, 60 కిలోమీటర్ల వేగంలో బండి ఆగడానికి సుమారు 37 మీటర్లు కావాలి. 120లో సుమారు 112 మీటర్లు కావాలి. వేగం రెండింతలు, దూరం మూడింతలు.

మొదటిసారి వెళ్లేవారు పొరపడే చోట్లు

మొదటిది, మలుపు మధ్యలో భయం. వేగం ఎక్కువైందని మలుపులోకి ప్రవేశించాక తెలుస్తుంది. భయంతో బ్రేకు గట్టిగా తొక్కుతాడు, లేదా గోడనే చూస్తూ ఉండిపోతాడు. చూపు ఎటు పోతే చేయి అటే పోతుంది. వేగాన్ని మలుపుకు ముందే, తిన్నని దారిలోనే తగ్గించుకోవాలి, పోవలసిన చోటును చూడాలి. ఇది చదివితే వచ్చే విద్య కాదు. ప్రక్కన శిక్షకుడు ఉండాలి. అమెరికాలో కార్ల క్లబ్బులు నిర్వహించే ఇటువంటి కార్యక్రమాలలో కొత్తవారి ప్రక్క సీటులో శిక్షకుడు కూర్చోవడం పరిపాటి. అక్కడున్న మన పిల్లలు ఆ పద్ధతి ఉన్నచోటికే వెళ్లడం మంచిది.

రెండవది, బండి స్థితి. బ్రేకు నూనె కాలక్రమాన గాలిలోని తేమను పీల్చుకుంటుంది. ఊరి వాడకంలో ఆ లోపం బయటపడదు. ట్రాక్ మీద మళ్లీ మళ్లీ గట్టిగా బ్రేకు వేసినపుడు ఆ నీరు మరిగి ఆవిరవుతుంది, పెడలు నేలకు అంటుకుపోతుంది, బండి ఆగదు. వెళ్లే ముందు కొత్త నూనె పోయించండి. బ్రేకు ప్యాడ్లు, టైర్ల వయస్సు, గాలి చూపించండి. కారులోని సీసాలు, గొడుగులు, దేవుని బొమ్మలతో సహా వదులుగా ఉన్నవన్నీ తీసివేయండి. బ్రేకు క్రిందికి దొర్లిన నీళ్ల సీసా ఎంత పని చేయగలదో ఊహించుకోండి.

మూడవది, అలసట. చెన్నై ఎండలో తోలు దుస్తులు, హెల్మెట్ ధరించి నడిపేవాడు విపరీతంగా చెమటోడుస్తాడు. శరీరపు బరువులో 2 శాతం నీరు తగ్గేసరికే ఏకాగ్రత మందగిస్తుంది. అదే సమయానికి ధైర్యం మాత్రం పెరిగి ఉంటుంది. ఉదయం భయపడిన మలుపులో సాయంత్రానికి నిర్లక్ష్యం వస్తుంది. కనుక దాహం వేయకముందే నీరు, ఓఆర్ఎస్ త్రాగాలి. చివరి విడతలో దిగకపోయినా నష్టం లేదు. డబ్బు కట్టాము కదా అని దిగడం మన బలహీనత.

నాల్గవది, ఆరోగ్యం. మూర్ఛ వ్యాధి ఉన్నవారు, కళ్లు తిరిగి పడిపోయిన చరిత్ర ఉన్నవారు, ఛాతీ నొప్పి ఉన్నవారు వెళ్లకూడదు. ఇన్సులిన్ తీసుకునేవారికి చక్కెర హఠాత్తుగా పడిపోయే ప్రమాదం ఉన్నది కాబట్టి తమ వైద్యుని అనుమతి లేనిదే దిగరాదు. జలుబుకు వాడే మాత్రలలో చాలావాటికి మగత ఉంటుంది. ముందు రాత్రి మద్యం, నిద్రలేమి రెండూ నిషిద్ధం. రాత్రంతా బండి నడిపి చెన్నై చేరి, తెల్లవారగానే ట్రాక్ ఎక్కడం కంటే తెలివితక్కువ పని లేదు.

రుసుము కట్టే ముందు అడగండి

ట్రాక్ వద్ద వైద్యుడు ఉంటాడా, అంబులెన్సు మాత్రమేనా? ఆ అంబులెన్సులో శ్వాస నాళంలో గొట్టం వేయగల వ్యక్తి ఉన్నాడా? అది రోగిని తీసుకొని వెళ్లినపుడు మరొకటి వచ్చేవరకు ట్రాక్‌ను ఆపివేస్తారా? మెదడుకు శస్త్రచికిత్స చేయగల ఆస్పత్రి ఎంత దూరం? కొత్తవారికి విడిగా బృందం ఉన్నదా? ముందున్న బండిని దాటడానికి నియమం ఏమిటి? కార్లను, బైకులను కలిపి వదులుతారా? కలిపి వదులుతామన్న చోటి నుండి మారు మాట లేకుండా తిరిగి రండి. మిగిలిన ప్రశ్నలకు విసుగు చూపే నిర్వాహకునికీ మీ డబ్బు, మీ బిడ్డ రెండూ అప్పగించవద్దు.

భీమా సంగతి కూడా చూడండి. మన దేశంలో సాధారణ వాహన భీమా పందేలకు, వేగ పరీక్షలకు వర్తించదు. ఆ షరతు పాలసీ పత్రంలోనే ఉంటుంది. వ్యక్తిగత ప్రమాద భీమాలో ఏమున్నదో వ్రాతపూర్వకంగా అడిగి తెలుసుకోండి.

పడిన తర్వాత

ఇది ట్రాక్‌కే కాదు, మన వీధికీ వర్తిస్తుంది. పడినవానిని చేతులు, కాళ్లు పట్టి ఎత్తకండి. మెడ ఎముక విరిగి ఉంటే ఆ ఒక్క కుదుపుతో జీవితాంతం మంచాన పడవచ్చు. శ్వాస ఆడుతున్నంతవరకు హెల్మెట్‌ను శిక్షణ లేనివారు తీయకూడదు. తల, మెడ కదలకుండా రెండు చేతులతో పట్టి ఉంచి 108కు ఫోన్ చేయించండి. నీరు, సోడా పట్టించకండి. స్పృహ సరిగా లేనివానికి అవి ఊపిరితిత్తులలోకి పోతాయి.

అన్నింటికంటే ముఖ్యమైనది మరొకటి. తలకు దెబ్బ తగిలినవాడు లేచి నిలబడి, నవ్వి, "నాకేం కాలేదు" అంటాడు. కొన్ని గంటల తర్వాత తలనొప్పి, వాంతి, మగత, ఆపై స్పృహ కోల్పోవడం జరుగుతాయి. పుర్రె లోపల తెగిన రక్తనాళం నుండి రక్తం నెమ్మదిగా చేరి మెదడును నొక్కడమే దీనికి కారణం. మధ్యలో బాగున్నట్లు కనిపించే ఆ కొద్ది గంటలే అతి మోసకరమైనవి. సకాలంలో గుర్తించి శస్త్రచికిత్స చేస్తే పూర్తిగా కోలుకునే జబ్బు ఇది. నిద్రపోతున్నాడని వదిలేస్తే తెల్లవారి లేవడు. కాబట్టి తలకు దెబ్బ తగిలినవాడు ఆ రోజు మళ్లీ బండి ఎక్కకూడదు, ఆ రాత్రి ఒంటరిగా ఉండకూడదు. తగిలిన హెల్మెట్ పైకి బాగున్నా దానిని పారవేయండి. లోపలి మెత్త ఒక్క దెబ్బకే అణగి పని ముగించుకొని ఉంటుంది.

ట్రాక్ వేగం ట్రాక్‌కే

ఇప్పుడు నేను అధికంగా భయపడే ఘట్టానికి వస్తున్నాను. అది తిరుగు ప్రయాణం. రోజంతా 140లో పోయినవానికి 80 నత్తనడకగా తోస్తుంది. కన్ను వేగానికి అలవాటు పడిపోయింది, చేతికి కొత్త ధైర్యం వచ్చింది. చుట్టూ ఉన్న రక్షణ మాత్రం గేటు దగ్గరే ఆగిపోయింది.

2011 సెప్టెంబరులో మాజీ క్రికెట్ కెప్టెన్ మహమ్మద్ అజహరుద్దీన్ 19 ఏళ్ల కుమారుడు, ద్విచక్ర వాహనాలకు అనుమతి లేని హైదరాబాదు ఔటర్ రింగ్ రోడ్డు మీద, వెయ్యి సీసీ బైకు ప్రమాదంలో గాయపడి మరణించాడు. వెనుక కూర్చున్న సమీప బంధువు కూడా దక్కలేదు. 2017 మే 10న అప్పటి ఆంధ్రప్రదేశ్ మంత్రి నారాయణ కుమారుడు, అతని మిత్రుడు ప్రయాణిస్తున్న ఖరీదైన కారు జూబ్లీహిల్స్‌లో మెట్రో స్తంభాన్ని ఢీకొన్నది. ఇద్దరూ మరణించారు. ఆ కుటుంబాలకు డబ్బు కొరత లేదు, వాహనాలలో నాణ్యత కొరత లేదు. అయినా మెట్రో స్తంభం ముందు గులకరాళ్ల పరుపు ఉండదు.

2022లో మన దేశపు రోడ్ల మీద 1,68,491 మంది మరణించారు. వారిలో ప్రతి పదిమందిలో ఏడుగురి మరణానికి అతివేగమే కారణమని కేంద్ర ప్రభుత్వ నివేదిక చెబుతున్నది. రోడ్డు మీద పందెం వేయడం మోటారు వాహనాల చట్టం 189వ సెక్షన్ క్రింద నేరం. మైనరుకు బండి ఇచ్చి ప్రమాదం జరిగితే 199ఎ సెక్షన్ ప్రకారం తండ్రికి లేదా వాహన యజమానికి మూడేళ్ల వరకు జైలు, 25,000 రూపాయల జరిమానా ఉన్నాయి. ఇంటర్మీడియట్‌లో చేరగానే బైకు కొనిచ్చే మన ఊరి తండ్రులు ఈ అంకెను గోడ మీద వ్రాసుకోవాలి.

గోదావరి బిడ్డలకు ఈత నేర్పే పద్ధతి మన పెద్దలకు బాగా తెలుసు. వరద గోదావరిలోకి ఎవరూ పిల్లవానిని తోయరు. కాలువ రేవులో, మెట్ల దగ్గర, నడుముకు కొబ్బరికాయలు కట్టి, ప్రక్కన ఈత వచ్చిన పెద్దవాడు నిలబడి నేర్పిస్తాడు. నీటిని చూసి భయపడమని అనలేదు, రేవు చూసి దిగమన్నారు. వేగానికి ట్రాక్ అటువంటి రేవు. లక్షలు పోసి బండి కొనిచ్చే తండ్రి, అందులో చిన్న భాగం పెట్టి ఒక్క రోజు శిక్షణ ఇప్పించడానికి వెనుకాడడం నాకు అర్థం కాని విషయం. ఆ ఒక్క రోజులో కుర్రవాడు వేగం కంటే విలువైన సంగతి నేర్చుకుంటాడు. తన బండి ఎంత దూరంలో ఆగుతుందో, తన చేతికి ఎంత శక్తి లేదో స్వయంగా తెలుసుకుంటాడు.

ప్రభుత్వానికి కూడా ఒక్క మాట. పందేల కుర్రవాళ్లను పట్టుకొని బండ్లు స్వాధీనం చేసుకుంటే చాలదు. ప్రతి రెండు మూడు జిల్లాలకు ఒకటి చొప్పున, వాడుకలో లేని విశాలమైన మైదానంలో, బ్రేకు వేయడం, మలుపు తిరగడం, జారే నేల మీద బండి నిలపడం నేర్పే శిక్షణ స్థలం ఏర్పాటు చేయాలి. అక్కడ అంబులెన్సు, శిక్షకుడు తప్పనిసరి కావాలి. రేసు ట్రాక్ కట్టే ఖర్చుతో పోలిస్తే ఇది స్వల్పం.

అంతవరకు మీ ఇంటి నుండి ఎవరైనా ట్రాక్ డేకి వెళ్తామంటే పైన చెప్పిన ప్రశ్నల జాబితా చేతికివ్వండి. అన్నింటికీ సంతృప్తికరమైన జవాబులు తెస్తే ఆశీర్వదించి పంపండి. తిరుగు ప్రయాణం మాత్రం ఆ రాత్రి వద్దనండి. అక్కడే నిద్రపోయి, మరునాడు రైలులోనో బస్సులోనో రమ్మనండి. బండిని తర్వాత తెప్పించుకోవచ్చు.